ఎదురుకాళ్ల ఈరక్క

ఈరక్క ఎడమకాలి వేళ్లు పుల్లయ్య నడుము మీద మెల్లగా పాకుతున్నాయి.

తెల్లవారింది గానీ ఎండ ఇంకా ఇంటి ముందుకు రాలేదు. పుల్లయ్య గడపకు అడ్డంగా చాప మీద బోర్లా పడుకుని ఉన్నాడు. బనగానపల్లె పక్కన మామిడితోటలు, ఎర్రగుంట్ల అవతల నాపరాళ్ల గని ఉన్న మనిషి. మామూలు రోజుల్లో ఈరక్కలాంటి వాళ్లు ఎదురొస్తే తల కూడా తిప్పడు. ఇవాళ తెల్లచొక్కా విప్పి డ్రైవరు చేతికిచ్చి, చెంప నేలకు ఆనించి, ఆమె కాలికింద ఊపిరి బిగబట్టుకుని ఉన్నాడు. నొప్పి ఎంతటివాణ్ణయినా ఎంత మర్యాదస్థుణ్ణి చేస్తుందో చూడాలంటే పొద్దున్నే ఈరక్క గడప దగ్గరికి రావాలి.

"మ్మే, మెల్లగ," అన్నాడు.

"మాట్లాడొద్దు సామీ. ఊపిరి వదులు."

పిర్రల పైన ఉండే రెండు చిన్న గుంటల మధ్య నుంచి మొదలుపెట్టి ఆమె వేళ్లు పైకి వెళ్లాయి. ఒక్కో పూసనూ తడిమి, పలకరించినట్టు ఒక్క క్షణం ఆగి, పై పూసకు పోయాయి. నడుముకు అయిదు పూసలు. మూడోదాని పక్కన ఎడమవైపు కండ తాడులాగా బిగుసుకుని ఉంది. అక్కడ మడమ ఆనించి ఒంటి బరువంతా వదిలింది. లోపల టక్కుమంది. పుల్లయ్య "అమ్మా" అన్నాడు. రెండోసారి అంతే బరువు, మూడోసారి సగం.

"పోయింది పో," అంది ఈరక్క.

అని, వంగి, ఆ వీపును రెండు చేతులతో తాకి కళ్లకద్దుకుంది. ఎవరి నడుము తొక్కినా అంతే. అవసరానికే అయినా మనిషి ఒంటికి కాలు తగిలింది కదా, దండం పెట్టుకోకపోతే ఎట్లా? యాభై ఎనిమిదేళ్ల మనిషికి తొక్కడం కన్నా ఆ వంగడమే కష్టం. ఆమె నడుము కూడా చాలాకాలంగా సలుపుతూనే ఉంది, దాన్ని తొక్కడానికి మాత్రం ఎర్రగుంట్లలో ఇంకొక ఎదురుకాళ్ల మనిషి లేదు.

పుల్లయ్య లేచి అటూ ఇటూ తిరిగి చూసుకున్నాడు. నిజంగానే పోయింది. అలవాటుగా జేబులోకి పోయిన చేయి మధ్యలో ఆగింది. ఈరక్క దుడ్లు ముట్టదని దారిలో డ్రైవరు చెప్పే ఉన్నాడు, తీసుకుంటే కాలి గుణం పోతుందట. డ్రైవరు మామిడిపండ్ల గంప ఒకటి దించి అరుగు మీద పెట్టాడు.

"నేనొచ్చినట్ల యవరికీ చెప్పొద్దు మ్మే."

"చెప్పను సామీ."

ఆమె చెప్పదు. సాయంత్రానికల్లా డ్రైవరు ఊరంతా చెబుతాడు, అది వేరే సంగతి.

కారు వెళ్లాక లోపల నుంచి సన్నగా గొంతు వినిపించింది. "యవరిది?"

అడిగింది సుంకప్ప, ఆమె పెనిమిటి. తలుపుకు ఎదురుగా నవారు మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. అయిదు నెలలుగా అదే మంచం. గడప మీద ఎవరి నడుము పడుకున్నా, ఎవరి నడుము లేచి నడిచి వెళ్లినా అక్కడి నుంచి కనపడుతుంది.

"నాదే. ఉత్త పట్టు," అంది ఈరక్క.

వాళ్లిద్దరి మధ్య ఆ ప్రశ్నకు, ఆ జవాబుకు పెద్ద అర్థం ఉంది. అది తెలియాలంటే ఈరక్క కాలి సంగతి కొంచెం చెప్పాలి.

ఆమె పుట్టింది కర్నూలు జిల్లా పడమటి కొసన, కోసిగి దగ్గర పల్లెలో. తల్లి కడుపులోంచి తల కాకుండా కాళ్లు ముందు వచ్చాయి. అట్లా ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు తొక్కితే పట్టిన నడుము వదులుతుందని ఆ పక్క అందరికీ నమ్మకం. ఏడేళ్ల వయసు నుంచే సేద్యగాళ్లు ఆమెను ఎత్తుకుపోయి కళ్లాల్లో తమ వీపుల మీద నిలబెట్టుకునేవాళ్లు. గుణం కాలిదో, నమ్మకానిదో నాకు తెలియదు గానీ, యాభై ఏళ్లు మనుషుల వీపుల మీద తిరిగిన కాలికి విద్య రాకుండా ఉంటుందా? వచ్చింది. కండ పట్టినదేదో, పూసల మధ్య మెత్త జారినదేదో, లోపల ఎముకే చెడినదేదో ఆమె కాలికి తెలిసిపోయేది. పట్టు అయితే "పోయింది పో" అనేది. ఎముకదైతే కాలు తీసేసి, "ఈ నడుము నాది కాదు, సారుది" అని పంపించేది.

సారు అంటే ఎముకల డాక్టరు భూపేష్. స్టేషను రోడ్డులో ఆయన ఆస్పత్రిని పన్నెండేళ్లుగా ఊడ్చి తుడిచేది ఈరక్కే. మొదట్లో ఇద్దరికీ పెద్ద పోరే నడిచింది. సారు ఫిజియోథెరపీ రాసిచ్చిన పేషెంట్లు వరండాలోనే ఈరక్క ముందు బోర్లా పడుకుంటుంటే ఏ డాక్టరు ఊరుకుంటాడు? ఇంకొకసారి కాలెత్తితే పని మాన్పిస్తానన్నాడు. ఆ తర్వాత ఒకరోజు ఆమె ఒక లారీ క్లీనరును చేయి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, "ఈ నడుము మీది సార్" అని కూర్చోబెట్టింది. ఎక్స్‌రే ఫోటో తీస్తే వెన్నుపూసలో టీబీ. ఇంకొన్నాళ్లు ఆలస్యమైతే కాళ్లు పడిపోయేవి. అప్పటి నుంచి ఆమె పంపినవాళ్లను సారు వరసలో ముందుకు పిలిచేవాడు.

"నీ కాలికి ఎట్ల తెలుస్తాది ఈరక్కా?" అని అడిగాడు ఒకసారి.

"బాగుండే ఎముక కాలిని నెడతాది సార్. చెడిన ఎముక నెట్టదు. ఊరికే ఉంటాది."

సారు ఆ మాటను చాలాసేపు తలపోసుకున్నాడు. ఆ సంక్రాంతి తర్వాత స్కూటరు స్టాండు వేయబోయి తన నడుమే పట్టుకున్నప్పుడు, కన్సల్టింగ్ గది తలుపు లోపల గడియ పెట్టించి, బల్ల మీద బోర్లా పడుకుని, "కానీ" అన్నాడు. ఈ సంగతి ఆయన భార్యకు కూడా తెలియదు.

ఇన్ని నడుములు తొక్కిన ఈరక్క తొక్కనిది ఒక్కటే ఉంది. సుంకప్పది.

పెండ్లాం కాలు పెనిమిటికి పొరబాటున తగిలినా పాపమని పెరిగిన మనిషి ఆమె. మంచం ఇరుకైతే తాను కింద పడుకునేది. సుంకప్ప దానికి నవ్వేవాడు. "ఊళ్లో మొగోళ్లనంతా కాలికింద పెట్టుకునింది నా పెండ్లాము. నా ఒక్కనికే దండాలు పెడతాది," అని తోటి హమాలీలతో గొప్పగా చెప్పేవాడు.

సుంకప్పది ఆలూరు పక్క పల్లె. అక్కడ కరువు పట్టిన ఏడు బిడ్డ మహాదేవిని చంకనేసుకుని ఇద్దరూ ఎర్రగుంట్లకు వచ్చారు. సుంకప్ప గూడ్సు షెడ్డులో సిమెంటు మూటల పనికి కుదిరాడు. ముప్పై ఏళ్లు వ్యాగన్లకు ఎక్కించడం, లారీలకు దించడం. మూట యాభై కిలోలు. మెడ కింద పెద్దగా పొడుచుకొచ్చే పూస ఉంటుందే, దాని మీద మూట మొదటి దెబ్బ పడుతుంది. ఆ చోట చర్మం అరికాలంత మందమైంది. నెత్తి నుంచి నడుము దాకా గోనెపట్ట వేసుకుని మోసేవాడు. గోనెసంచి ఒక మూలను లోపలికి తోసి నెత్తికి టోపీలాగా పెట్టుకుంటే మిగతాది వీపు మీద పడుతుంది. దాని మీద సిమెంటు రాలుతుంది, కింద నుంచి చెమట పడుతుంది. రోజూ అంతే. ఏడాది తిరిగేసరికి ఆ గోనె గట్టిపడి మనిషి వీపులాగా తయారవుతుంది. సుంకప్ప చివరి గోనెపట్ట నాలుగేళ్లది. జనవరిలో పని మానిన రోజు దాన్ని తెచ్చి గోడకు మేకుకు తగిలించారు. మధ్యలో వెన్నుగాడి, రెండు పక్కలా భుజాల ఉబ్బు, అన్నీ తెలుస్తూ ఉంటాయి.

నొప్పి పోయిన దసరా అప్పుడే మొదలైంది. పక్కకు తిరిగినప్పుడల్లా మూలిగేవాడు. ఈరక్క ఇసుక వేడిచేసి గుడ్డలో కట్టి కాపడం పెట్టింది. ఆముదం రాసింది. చేత్తో నిమిరి చూసింది, చేతికేమీ తెలియలేదు. "మూటల పని, నొయ్యక ఏం జేస్తాది?" అంది. అతనూ అదే అనుకున్నాడు. సంక్రాంతి దాటిన వారంలో మూట మీదుండగానే రెండు కాళ్లూ మెత్తబడి కూలబడ్డాడు.

భూపేష్ సారు ఫోటో తీశాడు. కర్నూలుకు పంపి స్కానింగ్ చేయించాడు. ఆ కాగితాలు చూసి, సుంకప్పను బయట కూర్చోబెట్టి, ఈరక్కను లోపలికి పిలిచాడు. బల్ల మీద స్టాండుకు వేలాడే ప్లాస్టిక్ వెన్నెముకను తన వైపుకు తిప్పుకుని, పెన్నుతో మూడు పూసలు చూపించాడు. జబ్బు ఒంట్లో ఇంకెక్కడో పుట్టి ఎముకల్లోకి దిగిందన్నాడు. పన్నెండో వీపుపూస ఇప్పటికే నలిగిపోయిందని, కింద రెండు డొల్లగా ఉన్నాయని అన్నాడు. "తొక్కేది కాదు ఈరక్కా, ఎవరూ గట్టిగ ఒత్తను గూడ ఒత్తొద్దు. పుటుక్కున పోతాది."

"ముందే వచ్చింటే సార్? దసరాకు?"

సారు కళ్లజోడు తీసి చొక్కా కొసతో తుడుచుకున్నాడు. ఆయన అప్పుడు ఏదైనా అబద్ధం చెప్పి ఉంటే బాగుండేదని ఈరక్కకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఎందుకంటే, దసరాకు ఒక్కసారి కాలు పెట్టి ఉంటే ఆమెకు తెలిసేది. ఎముక నెట్టలేదని అరికాలికి తెలిసేది. ఎవరో లారీ క్లీనరును చేయి పట్టుకుని తీసుకుపోయినట్టే ఇంటి మనిషినీ ఆ రోజే తీసుకుపోయేది. మొగుడి మీద గౌరవమే మొగుణ్ణి చూడనీయలేదు. ఈ ముల్లు ఆమె గుండెలో దిగి అయిదు నెలలైంది. మహాదేవికి కూడా చెప్పుకోలేదు. ఆదోనిలో ఉండే ఆ పిల్ల ఫోన్లో ఏడిస్తే, ఈమే సముదాయించింది.

సుంకప్పకు మాత్రం నరం పట్టిందని, మాత్రలకు మెల్లగా పోతుందని చెప్పింది. కర్నూలు డాక్టర్లు ఇంటి దగ్గరే నొప్పి తెలియకుండా చూసుకోమని రాసిచ్చిన మాత్రలు అవి.

"ఊళ్లో నడుములన్నీ పోతాండాయి," అన్నాడు సుంకప్ప, కప్పులోని రేకులను చూస్తూ. "నాదే పోల్యా."

ఈరక్క మామిడిపండు ఒకటి కడిగి పిసికి రసం పల్చగా గ్లాసులోకి పిండుతోంది. తల ఎత్తలేదు.

"ఒక్క తూరి తొక్కు మ్మే. మూడు మాట్లు కాలు ఆనిస్తే అయిపోతాది గదా."

"మళ్ల అదే మాట. పెనిమిటి మింద కాలు పెట్టి నేను యా లోకానికి పోవాల?"

ఈ సాకు దొరికి ఉండకపోతే ఆమె ఏం చేసేదో. డాక్టరు చెప్పింది దాచడానికి పాపాన్ని అడ్డం పెట్టుకుంది. అతను దాన్ని నమ్మాడు. పెండ్లాం కాలిలో మందు ఉందని, ఆ మందు తనకు ఒక్కనికే అందకుండా శాస్త్రం అడ్డం పడిందని నమ్మి, రోజూ పొద్దున్నే గడప మీద లేచి నడిచిపోయే వీపులను చూస్తూ పడుకున్నాడు. అది చూడటం ఈరక్కకు నరకం కంటే ఎక్కువే. అయినా నిజం చెప్పడానికి నోరు రాలేదు.

"పాపమయితే నేను మోస్తాలే," అన్నాడు. "మోసేది నాకేం కొత్తనా?"

ఈరక్క గ్లాసు అతని నోటికి అందించింది. రెండు గుటకలు తాగి చాలన్నాడు. రసం గడ్డం మీదికి కారితే కొంగుతో తుడిచింది. పక్కింటి హనుమేష్‌కు చూసుకోమని చెప్పి పనికి బయలుదేరింది. హనుమేష్ కూడా హమాలీనే, ఆ వారం అతనిది సాయంత్రం పాళీ.

ఆస్పత్రిలో నేల ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, చివరికి సారు బల్ల దగ్గరికి వచ్చింది. ప్లాస్టిక్ వెన్నెముకను తుడవడం ఎప్పుడూ ఆఖరు పని. పై నుంచి కిందికే తుడుస్తుంది, కింద నుంచి పైకి తుడవదు. మెడకు ఏడు. పక్కటెముకలు తగులుకునే వీపుకు పన్నెండు. నడుముకు అయిదు, ఇవి లావు, బరువంతా వీటిదే. ఆ కింద మరో అయిదూ కలిసిపోయి ఒకే పలక. ఆ కొసన తోకలాంటి చిన్న ముక్క. పూసకు పూసకు మధ్య మెత్త, పక్కల నుంచి బయటికొచ్చే పసుపుపచ్చ నరాలు. చదువు రాని ఈరక్క ఇదంతా సారు పేషెంట్లకు చెబుతుంటే విని నేర్చుకుంది. "పరీక్ష పెడితే పాసయిపోతావు," అని సారు ఎగతాళి చేసేవాడు.

ఇవాళ గుడ్డ పన్నెండో వీపుపూస దగ్గర ఆగిపోయింది.

భూపేష్ సారు లోపలికి వచ్చి ఆమెను చూసి, తలుపు దగ్గరే నిలబడ్డాడు. నిన్న సాయంత్రం ఇంటికొచ్చి సుంకప్పను చూసి పోయాడు. ఊపిరి పైపైన ఉందని ఆయనకు తెలుసు.

"సార్," అంది ఈరక్క, పూస మీద నుంచి చేయి తీయకుండా. "బరువు పెట్టకుండ ఊరికే కాలు ఆనిస్తే?"

"ఎందుకు?"

"అడుగుతాండాడు. రోజూ అడుగుతాండాడు సార్."

ఆయన కుర్చీలో కూర్చున్నాడు.

"బరువు పడకుంటే ఏం కాదు," అన్నాడు మెల్లగా. "ఏమీ కాదు ఈరక్కా. ఇంటికి పో. ఈ పొద్దు మిగతా పని మహానందితో చేయిస్తాలే."

మహానంది ఆస్పత్రి వాచ్‌మెన్, చీపురు పట్టడం ఎరగడు. అట్లాంటి మనిషితో పని చేయిస్తానన్నాడంటే సారు తనను ఎందుకు పంపిస్తున్నాడో ఈరక్కకు అర్థమైంది. గుడ్డ పిండి కిటికీ ఊచకు ఆరేసి, స్టేషను రోడ్డంతా తలవంచుకుని నడిచింది. సిమెంటు లారీలు పక్కనుంచి పోతుంటే తెల్లటి దుమ్ము కాళ్ల మీద పడింది. పాపం సంగతి ఉత్త సాకు కాదు, ఆమెకు నిజంగానే భయం. నరకమైతే నరకం, అనుకుంది. పోయే మనిషి అడిగింది ఇదొక్కటే.

మధ్యాహ్నం హనుమేష్ వచ్చాడు. రోజూ ఆ వేళకు ఇద్దరూ కలిసి దుప్పటి చెరొక కొస పట్టి, సారు నేర్పినట్టు ఒళ్లంతా ఒక్కసారే కదిలేలా సుంకప్పను బోర్లా తిప్పుతారు. వీపు పుండ్లు పడకుండా తుడిచి పౌడరు వేయాలి.

"అన్నకు గాలి ఆడనీ వదినా, మళ్ల వస్తా," అని హనుమేష్ వెళ్లిపోయాడు.

ఈరక్క తడిగుడ్డతో వీపు తుడిచింది. ఒకప్పుడు కండలు రెండు కట్టల్లాగా నిలబడి మధ్యలో వెన్ను లోయలాగా దిగి ఉండేది. ఇప్పుడు కండ కరిగిపోయి పూసలే పైకి వచ్చాయి. మెడ కింద పెద్ద పూస నుంచి కళ్లతోనే లెక్కపెట్టుకోవచ్చు. ఆ మందపు చర్మం మాత్రం అట్లాగే ఉంది, మూట ఇప్పుడే దించినట్టు. పన్నెండో వీపుపూస దగ్గర వరస వంకర తిరిగి చిన్న గూనిలాగా పొడుచుకొచ్చింది.

తలుపు దగ్గరికి వేసింది. చెప్పులు లేవు గానీ కాళ్లు కడుక్కుని వచ్చింది, గుడిలోకి పోయేటప్పుడు కడుక్కున్నట్టు. మంచం పక్కన కుడికాలి మీద నిలబడి, రేకుల కిందున్న వాసాన్ని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది. ఒంటి బరువంతా ఆ చేతుల్లోకి, కుడికాల్లోకి తీసుకుని ఎడమకాలు ఎత్తింది. ఎందరి వీపుల మీదో నిలబడిన కాలు అది, ఈ ఒక్క వీపునే ఎరగదు.

అరికాలు అతని వీపుకు ఆనింది.

సుంకప్ప ఒళ్లు ఒక్కసారి జలదరించింది. "తొక్కుతాండావా?" అన్నాడు, ముఖం పక్కకు తిప్పి ఉండటాన మాట దిండులోకి పోయింది.

"మాట్లాడొద్దు. ఊపిరి వదులు."

వేళ్లు కింది నుంచి పైకి వెళ్లాయి. అయిదు పూసలు. ఆ పైన వంకర పూస. అక్కడ ఇంకా తేలికగా ఆనించింది, చర్మం వేడి మాత్రం తగిలేంత. ముప్పై అయిదేళ్ల కాపురంలో ఆ వీపును కాలితో ముట్టుకోవడం ఇదే మొదలు. ఒక తూరి. రెండు. మూడు. ఏ ఎముకా ఆమె కాలిని నెట్టలేదు.

కాలు దించి, వాసం వదిలేసింది. చేతులు తిమ్మిరెక్కాయి.

సుంకప్ప ఎదురుచూస్తున్నాడు. ఆమె అనే రెండు మాటల్లో ఏదో ఒకటి వినాలి. అయిదు నెలలుగా ఆ మాట కోసమే ఉన్నాడు.

"చెప్పు మ్మే. నీదా? సారుదా?"

"పోయింది పో," అంది ఈరక్క, గడప మీద ఎట్లా అంటుందో అట్లాగే అనడానికి చూస్తూ.

బయట ఎక్కడో వ్యాగన్లు ఒకదానికొకటి తగిలి గొలుసుల చప్పుడైంది.

"ముప్పై ఏండ్లు మూట మోసినోణ్ణి," అన్నాడు తర్వాత. గొంతులో కోపం లేదు. "ఒక కేజీ తక్కువున్నా నా ఈపు చెప్తాది. నీ కాలు బరువు ల్యాదు మ్మే."

ఈరక్క ఇంత జాగ్రత్తగా దాచిన నిజం, దాచడానికి వాడిన జాగ్రత్తతోనే బయటపడిపోయింది. ఊళ్లో ఇంకెవరినైనా మోసం చేయొచ్చు, బరువు విషయంలో హమాలీని ఎట్లా మోసం చేస్తుంది?

"దసరాకే పెట్టింటే," అంది చివరికి. "దసరాకే నా కాలు పెట్టింటే తెలిసిపోయుండు. నేనే. నేనే చూసుకోలేకపోతి." అని మంచం కోడు పట్టుకుని భోరుమంది.

"ఊరుకో. నేనూ అడగల్యా గదా అప్పుడు." కొంచెం ఊపిరి తీసుకున్నాడు. "సరేలే. పోయింది అంటివి గదా. పోయిందిలే."

ఆమె వంగి, ఆ వీపును రెండు చేతులతో తాకి కళ్లకద్దుకుంది. చేతులతో చాలదనిపించి, మూటల కింద మందమెక్కిన ఆ మెడ కింది పూస మీద బరువు పడకుండా నుదురు ఆనించింది.

"ఇట్లనే పండనీ," అన్నాడు. "ఈపుకు గాలి తగులుతాది. శానా బాగుండాది."

నాలుగు గంటలకు వీధి కొళాయి వచ్చింది. మళ్లీ ఎల్లుండి దాకా రాదు. ఈరక్క రెండు బిందెలు తీసుకుని పోయింది. వరసలో ఆడవాళ్లు పొద్దున పుల్లయ్య వచ్చిన సంగతి అడిగి నవ్వారు, డ్రైవరు అప్పుడే పని ముగించినట్టున్నాడు. ఆమె కూడా కొంచెం నవ్వింది. నెత్తిన ఒకటి, చంకన ఒకటి పెట్టుకుని వచ్చి, బిందెలు దించి, అలవాటుగా మంచం వైపు చూసింది.

సుంకప్ప ఆమె వదిలిపోయినట్టే బోర్లా ఉన్నాడు. ముఖం తలుపు వైపు ఉంది. పూసల పక్కన పక్కటెముకలు లేచి పడుతూ ఉండాలి. ఆమె నిలబడి చూసింది. బిందెలో నీళ్లు ఊగడం ఆగేదాకా చూసింది. పక్కటెముకలు లేవలేదు.

మరుసటి రోజు పొద్దెక్కకముందే మట్టి చేశారు. మహాదేవి ఆదోని నుంచి తెల్లవారుజామున వచ్చింది. భూపేష్ సారు వచ్చి అరుగు మీద చాలాసేపు కూర్చుని పోయాడు. హమాలీలంతా వచ్చారు, తామే మోస్తామన్నారు. "అన్న బరువే ల్యాడు వదినా," అని హనుమేష్ తిరిగొచ్చాక ఏడ్చాడు.

మూడో రోజు మహాదేవి నాయన బట్టలన్నీ మూట కట్టింది. చనిపోయినవాళ్లవి ఇంట్లో ఉంచుకోకూడదు. పంచెలు, రెండు చొక్కాలు, తువ్వాలు, దుప్పటి. గోనెపట్టను కూడా మేకు నుంచి తీసి మడవబోయింది. మడత పడలేదు. మోకాలు పెట్టి అదిమినా పడలేదు.

"ఇది యట్లమ్మా?"

"దాన్ని ఉండనీ," అంది ఈరక్క.

కూతురు మూట ఎత్తుకుని వంకలో వదిలి రావడానికి వెళ్లాక, ఈరక్క గోనెపట్టను తెచ్చి గడప దగ్గర పరిచింది. పరిచింది అనడం కూడా సరికాదు, అది నేలకు అతుక్కోలేదు. భుజాల దగ్గర ఉబ్బుగా లేచి, మధ్యలో గాడి దిగి, బోర్లా పడుకున్న మనిషిలాగానే ఉంది. సిమెంటు వాసన, అతని చెమట వాసన కలిసి ఇంకా వస్తున్నాయి. ఆమె లోపలికి పోయి, ఎప్పటిలాగే లోపల నుంచి గడప దాటుతూ ఎడమకాలు ఎత్తింది. ఈసారి దేన్నీ పట్టుకోలేదు. నడుము చోటు చూసుకుని మడమ ఆనించి, ఇన్నేళ్లు ఆ ఒంటి మీద పెట్టకుండా దాచుకున్న బరువంతా వదిలేసింది.

ఒకసారి, రెండుసార్లు, మూడుసార్లు. గోనె కుంగలేదు, పగలలేదు. నాలుగేళ్ల సిమెంటు, నాలుగేళ్ల చెమట గట్టిపడిన ఆ వీపు ప్రతిసారీ ఆమె కాలిని పైకి నెట్టింది.